లచ్చవ్వ కప్పిన శాలువా... మా వంటింటి పరదా

మా చిన్నప్పుడు... షామీర్‌పేట పక్క ఊళ్లో కొత్త స్లాబు ఇంట్లోకి దిగిన వారానికే, అమ్మ ట్రంకుపెట్టె తెరిచి నాయిన శాలువాలన్నీ మంచం మీద కుప్పపోసింది. నాయిన సర్పంచ్. ఎక్కడికి పోయినా మెడలో దండ, భుజాన శాలువా... ఒక్కటీ రెండోసారి కప్పుకున్న పాపాన పోలేదు.

పాత పెంకుటింట్లో కిటికీ అన్నదే లేదు. కొత్త ఇంటికేమో గోడకొకటి! పరదాల్లేక, వాడకట్టంతా మా కంచాల్లోకే చూస్తున్నట్టుండేది.

అమ్మ అప్పుడు చూపించింది తన పనితనం. జరీ అంచువి ముందుగదికి, ముదురు రంగువి పడకగదికి. పల్చటి ఊదారంగుది ఒకటి మిగిలితే, "పొగకు ఖరాబైనా ఫికర్ లేదు" అని వంటింటికి కట్టింది. పైన మడత కుట్టి తీగ దూర్చింది, అంతే. ఇల్లు కళకళలాడింది... మేం మురిసిపోయాం.

కొన్నాళ్లకు ఒక ఆదివారం లచ్చవ్వ వచ్చింది. చెరువు చేపలు గంపలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్ముకునే ముసలమ్మ. ఆఫీసుల చుట్టూ తిరిగి ఆమెకు పింఛను ఇప్పించింది నాయినే. కొత్తింటి సంతోషానికి రవ్వ చేపలు తెచ్చి, పెరటి గుమ్మంలో గంప దించి తలెత్తింది. పొయ్యి మీద కిటికీకి ఊదారంగు పరదా... దాని నిండా పోపు మరకలు.

"గిది... నేను మేడ్చల్ అంగడిల కొన్నది గాదె బిడ్డా?"

అమ్మ ముఖం పాలిపోయింది. "కాదవ్వా, గసుంటివి మస్తు దొర్కుతయి" అని అబద్ధమాడేసింది.

"అట్లనా" అని లచ్చవ్వ చేపలిచ్చి వెళ్లిపోయింది.

పెరట్లో పళ్లు తోముకుంటున్న నాయిన అంతా విన్నాడు. పింఛను వచ్చిననాడు పంచాయతీ ముందు, నలుగురిలో ఆమె ఆయన భుజాన కప్పింది అదే! అమ్మనేం అనలేదు. "నాకే యాదికి లేదు, నిన్నేమంట" అన్నాడంతే. పరదా పీకించి, ఉతికించి, కుట్టు విప్పించి, సాయంత్రం అదే కప్పుకుని నన్ను వెంటబెట్టుకుని లచ్చవ్వ ఇంటికి బయల్దేరాడు. తప్పయిందని చెప్పుకుందామని.

"గీ ఎండల శాలువా ఏంది బిడ్డా, ఉడ్కపోస్తలేదా?" అని నవ్విందామె.

నాయిన చెప్పాలనుకున్నది మింగేసి పక్కకు చూశాడు. ఆమె ఇంటికున్న చిన్న కిటికీకి యూరియా సంచి కట్టి ఉంది. గబగబా శాలువా తీసి, "అవ్వా, గిది నీ కిటికీకి కడ్త" అన్నాడు.

లచ్చవ్వ నాలుక కరుచుకుంది. "అయ్యో! నీ మీద గప్పినదాన్ని కిటికీకి కడ్తరా బిడ్డా? నీ ఇజ్జత్ ఏం గావాలె?"

వంటింట్లోది వేరేదని అమ్మ చెప్పింది నమ్మేసింది పిచ్చితల్లి. దెప్పిపొడిచినా బాగుండేది! నాయిన తల వంచుకున్నాడు. నాకైతే అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది... నాయిన శాలువా మళ్లీ కప్పుకుని ఇంటిదారి పట్టాడు. మర్నాటికల్లా ముందుగది పరదాలు కూడా దిగిపోయాయి. చాన్నాళ్లు మా కిటికీలకు పాత పేపర్లే.

ఇప్పుడు బౌరంపేట్‌లో మా ఇంటికి పరదాలంటే, షాపతను ఫోన్లోనే గోడరంగుకు కలిపి చూపిస్తాడు. ఎంతో సులువు... ఏ బట్ట ఎవరిచ్చారో గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు. ఆ సులువే ఒక్కోసారి గుచ్చుకుంటుంది.

మీ ఇళ్లలో కిటికీలకు ఏం కట్టేవారు? చెప్పండి... తలదించుకునే ముచ్చటైనా ఫర్వాలేదు, ముందు నేను దించేశానుగా.