కృపారాణి తెచ్చిన జెరూసలేం ఫ్యాషన్

రేపల్లెలో జాకెట్టు కుదురుగా కుట్టించుకోవాలంటే కృపారాణి దగ్గరికే పోవాలి. పోతే ఆమె గొప్పలు కూడా వినాలి. చెయ్యి మంచిదే గానీ నోరు ఆగదు. తెనాలిలో ఒక పెద్ద టైలరు దగ్గర కటింగు నేర్చుకుని, స్టేషన్ రోడ్డులో సొంత కొట్టు పెట్టుకున్న దగ్గర్నుంచీ ఆమెకు ఒకటే నమ్మకం. బట్ట సంగతి తనకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదని. దారిన పోయే మనిషి కనిపిస్తే చాలు, ముందు మెడ కటింగు చూస్తుంది, తర్వాత చేతులు, ఆ తర్వాత అంచు. ఎదురుగా వచ్చింది సొంత ఆడపడుచైనా సరే, కుట్టు చూశాకే పలకరింపు.

అలాంటి మనిషి పరిశుద్ధ దేశ యాత్రకు పోయింది. సంఘంలో కొందరు వెళ్తుంటే తనూ బయల్దేరింది. పాపం, భక్తితోనే బయల్దేరింది, అబద్ధం చెప్పకూడదు. ఏళ్ళ తరబడి పాటల్లో పాడుకున్న ఊళ్ళు కళ్ళారా చూడాలనుకుంది. తీరా విమానం దిగాక ఆ కళ్ళు ఎటు పోయాయంటారు? దారిలో ఆగిన అమ్మాన్ నగరం బజారులో, ముందు తెరిచి వేసుకున్న నల్ల అబాయాల, అంటే పొడుగు అంగీల, చేతులకు చేసిన పనితనం మీదికి పోయాయి. జెరూసలేంలో అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. ముసలమ్మ దగ్గర్నుంచి పిల్లదాకా అందరి కాళ్ళకూ తెల్ల బూట్లే. చీలమండ దాకా జీన్సు గుడ్డ పరికిణీలు, వాటి కింద కూడా అవే బూట్లు. భుజం కుట్టు మోచేతి దాకా జారిన చొక్కాలు. ఇస్త్రీ మొహం చూడని నారబట్టలు. మోకాలి దగ్గర చినిగిన ప్యాంట్లు.

"మనం చినిగితే కుట్టుకుంటాం, వీళ్ళు కుట్టించి చింపుకుంటున్నారు" అని బస్సులో అందరినీ నవ్వించింది. గైడు చెప్పేది ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేసి, ఫోనులో ఫొటోలు తీసుకుంటూ పోయింది.

ఒలీవ కొండ మీద బస్సు ఆగినప్పుడు అసలు సంగతి జరిగింది. దిగువన వాలంతా తెల్లరాళ్ళ వరసలు. అవి సమాధులని గైడు చెప్పే ఉంటాడు, వింటే కదా! ఆ వాలు మీదినుంచి నలుగురు ఎక్కి వచ్చారు. ముగ్గురు ఆడవాళ్ళు, ఒక మగమనిషి. నలుగురి చొక్కాలకూ మెడ దగ్గర ఎడమ పక్కన జానెడు చీలిక, పోగులు వేలాడుతూ. ఆడవాళ్ళు ముగ్గురూ ఆ చీలికకు పిన్నీసులు పెట్టుకున్నారు. కృపారాణికి ప్రాణం లేచొచ్చింది. ప్యాంట్ల చిరుగు మన ఊరికి ఎప్పుడో వచ్చేసింది. మెడ దగ్గర చిరుగు మాత్రం ఇంకా ఎవరూ చూసి ఉండరు. పైగా ఇంటిల్లిపాదికీ మ్యాచింగు!

ఎదురుపోయి ఫోను ఎత్తి ఫొటో తీసింది. ఆ ముగ్గురిలో చిన్నామె చటుక్కున చేత్తో చీలిక కప్పుకుంది. డిజైను కాపీ కొడతారని దాచుకుంటోంది కాబోలు అనుకుంది కృపారాణి. ఫర్వాలేదన్నట్టు నవ్వి, బొటనవేలు ఎత్తి "సూపర్!" అంది. వాళ్ళు వ్యానెక్కి వెళ్ళిపోయారు.

తిరిగొచ్చాక నెలయినా కాకముందే ఆ చీలికకు పని పడింది. వెనక వీధి సుందరమ్మ పెద్దకూతురు పింకీకి బాపట్ల సంబంధం కుదిరింది. పిల్లాడు అజయ్ బాబు బ్యాంకులో పని చేస్తాడు, నెమ్మదస్తుడు. సుందరమ్మ భర్త లూకా మాస్టారు కిందటేడు వేసవిలో బడి నుంచి వస్తూ వస్తూనే కూలబడి చనిపోయాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో గట్టిగా నవ్విన వాళ్ళు లేరు. ప్రధానానికి గుడ్డ తీసుకొచ్చి ఇస్తూ సుందరమ్మ ఒక్కటే కోరింది.

"కృపా, ఆ ఒక్కరోజూ నా ఇంట్లో ఏడుపు మాట వినపడగూడదే. పిల్లలిద్దరూ చూడముచ్చటగా, నవ్వుతా కూర్చోవాలి. నువ్వు ఏం కుడతావో నీ ఇష్టం."

"నా ఇష్టమన్నావుగా, ఇంక చూసుకో వదినా! జెరూసలేం ఫ్యాషన్ దించుతా. గుంటూరోళ్ళకు కూడా తెలవదది."

తెనాలి పోయి లైనింగు, చిన్న బంగారు రంగు పిన్నీసులు కొనుక్కొచ్చింది. పింకీకీ, చెల్లెలు బ్లెస్సీకీ మీగడ రంగులో పొడుగు గౌన్లు కుట్టింది. కుట్టినవాటిని ఎడమ పక్కన, మెడ దగ్గర్నుంచి గుండె మీదికి జానెడు చింపింది. పోగులు లాగి వదిలి, మూడేసి పిన్నీసులు పెట్టింది. పింకీ అద్దంలో చూసుకుని "ఇదేంటత్తా, చినిగినట్టుంది" అని నసిగింది. "నీకేం తెలుసే, అక్కడ కుటుంబాలకు కుటుంబాలే వేసుకుంటున్నాయి" అని కృపారాణి నోరు మూయించింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. సుందరమ్మ కూడా గుమ్మంలో నిలబడి విని, సరే పిల్లలు బాగున్నారనుకుంది.

ప్రధానం రోజున ఇంటి ముందు షామియానా వేశారు. బాపట్ల నుంచి చీర, ఉంగరం, పళ్ళ పళ్ళేలతో మగపెళ్ళివారు దిగారు. వాళ్ళలో పెద్దాయన శాలేమురాజు గారు, అజయ్ బాబుకు తాతయ్య, పాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన చదువంటే ఆ చుట్టుపక్కల సంఘాలన్నిటికీ గౌరవం. చీర పెట్టేముందు పిల్లను తీసుకొచ్చి కూర్చోబెట్టారు, పక్కన చెల్లెలు. ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్న కృపారాణి, బాపట్ల ఆడవాళ్ళు ఎవరైనా ఎక్కడ కుట్టించారని అడుగుతారేమోనని చుట్టూ చూస్తోంది.

శాలేమురాజు గారు కళ్ళజోడు సర్దుకుని పిల్లల వంక చూశారు. చాలాసేపు చూశారు. ఆ తర్వాత మెల్లగా అడిగారు.

"మీకు ఎవరు పోయారమ్మా?"

పింకీ బిత్తరపోయి చూసింది.

"ఆ చీలిక సంగతమ్మా నేను అడిగేది. యూదులు అయినవాళ్ళను పోగొట్టుకుంటే బట్ట చింపుకుంటారు. ఎవరికో కాదు, తల్లికో తండ్రికో అయితేనే ఎడమ పక్కన, గుండె మీద."

కృపారాణికి అప్పుడు గుర్తొచ్చింది. పూర్వకాలం వాళ్ళు దుఃఖం వస్తే బట్టలు చింపుకునేవాళ్ళని సండే స్కూల్లో తాను చదువుకోలేదా? తనే మళ్ళీ చిన్నపిల్లలకు చెప్పలేదా? కొండ మీద చీలిక మీద చెయ్యి పెట్టుకున్న ఆ చిన్నామె సంగతి ఇప్పుడు అర్థమైంది. డిజైనూ కాదు, గాడిదగుడ్డూ కాదు. అమ్మనో నాన్ననో అప్పుడే మట్టి చేసి వస్తున్నారు వాళ్ళు. వాళ్ళకు తను బొటనవేలు చూపించి సూపర్ అంది. భూమి చీలితే అందులో దూరిపోదును అనుకుంది.

బాపట్లవారిలో ఎవరో "ప్రధానానికి దుఃఖపు బట్టలేంటండీ" అని గొణిగారు. పింకీ ఒకసారి కృపారాణి వంక చూసింది. ఆ మొహంలో ఏం కనపడిందో ఏమో, తల తిప్పి పెద్దాయనతో చెప్పింది.

"మా నాన్నగారి కోసమండి. కృపత్తకు తెలుసండి ఆ సంగతి. అందుకే ఇట్లా కుట్టింది."

అంతే. శాలేమురాజు గారి కళ్ళు చెమ్మగిల్లాయి. "ఇంత సంతోషంలోనూ తండ్రిని మరవని పిల్ల మా ఇంటికి వస్తోంది" అన్నారు. లూకా మాస్టారిని తలుచుకుని ప్రార్థన చేశారు. గొణిగినావిడ కూడా ముక్కు తుడుచుకుంది. బ్లెస్సీ నిండు సభలో వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన కృపారాణిని దగ్గరికి పిలిచి, తల మీద చెయ్యి పెట్టి, "గొప్ప మనసమ్మా నీది" అని దీవించారు. ఆ చెయ్యి మీద పడగానే ఆమెకు తేలు కుట్టినట్టయింది. కాదండీ అనడానికి ఒక్క క్షణం చాలు, ఆ క్షణం కాస్తా దాటిపోయింది.

పింకీని చీర కట్టడానికి లోపలికి తీసుకెళ్ళారు. కృపారాణి వంటవాళ్ళ పక్కనుంచి పెరట్లోకి జారుకుంది. చెప్పులేసుకుని వెనక సందులోంచి ఇంటికి పోదామనే. అక్కడ బిందె పక్కన సుందరమ్మ మొహం కడుక్కుంటోంది.

"వదినా, నాకు తెలవక..."

"నీకు తెలవదని నాకు తెలవదా? ఫ్యాషనని నా గుమ్మంలో నిలబడేగా చెప్పావు." సుందరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. గొంతు పెంచలేదు. "ఏడుపు వినపడగూడదన్నాను, వినపడింది. అది పోనీలే. నా పిల్ల చేత అబద్ధం ఆడించావు కృపా. చచ్చిపోయిన వాళ్ళ నాన్న పేరు పెట్టి, అంత పెద్దాయనతో ఆడింది. ఆ అబద్ధం మూట కట్టుకునేనా అది ఆ ఇంటికి కాపురానికి పోయేది?"

తిట్టినా బాగుండేది. కృపారాణి విడిచిన చెప్పులు అక్కడే ఉన్నాయి, సందు తలుపు తీసే ఉంది. పోతే అడిగేవాళ్ళు లేరు. రేపట్నుంచి కొట్టు తెరుచుకోవచ్చు, బాపట్ల నుంచి కూడా బేరాలు వస్తాయి, గొప్ప మనసున్న కృపారాణి అని పేరు కూడా వస్తుంది. ఆ పేరు తనకు వద్దనుకుంది. చెప్పులు వేసుకోకుండానే వెనక్కి తిరిగి షామియానా కిందికి వచ్చింది.

అప్పుడే ఉంగరాలు తెస్తున్నారు. ఆమె పోయి శాలేమురాజు గారి కుర్చీ ముందు నిలబడింది.

"అయ్యగారూ, పింకీ నన్ను కాపాడదామని అట్లా అందండి. నాకేమీ తెలవదండి. అక్కడ ఎవరో వేసుకుని పోతుంటే కొత్త ఫ్యాషనేమో అనుకుని, ఫొటో తీసుకొచ్చి కుట్టానండి. తప్పు నాదండి. పిల్లది కాదండి."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. చీర కట్టుకుని గుమ్మంలోకి వచ్చిన పింకీ అక్కడే ఆగిపోయింది. పెద్దాయనకు కోపం రాలేదు. ఆయన నిజంగా తెలుసుకోవాలని ఉన్నట్టు అడిగారు.

"నీ ఎదురుగా వచ్చారు గదమ్మా వాళ్ళు. ఏడుస్తున్నారని తెలియలేదా?"

"నేను మొహాలు చూడలేదండి" అంది కృపారాణి.

ఆ మాట అన్నాక ఇక అక్కడ ఎవరి మొహమూ చూడలేకపోయింది.