వెంకాయమ్మగారి పొట్టిక్కలు

మా ఇలవేల్పు మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా మాట నమ్మి తిప్పలు పడ్డవాళ్ళు అంబాజీపేటలో కొందరున్నారు గానీ, ఇది వేరు.

ఇవాళ పొద్దున్న కొబ్బరి మార్కెట్టు పక్కన ఆటో ఆపుకుని కూర్చుంటే, ఎవరింట్లోంచో ఉడుకుతున్న పనసాకు వాసన వచ్చింది. వెంకాయమ్మగారు గుర్తొచ్చారు. మార్కెట్టు ఎదుట తాటాకు పాకలో పొట్టిక్కలు అమ్మేవారావిడ. పనసాకుల్ని ఈనెపుల్లలతో గుచ్చి బుట్టలు చేసి, వాటిలో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి పెడితే పొట్టిక్కలు. బేరగాళ్ళంతా కొత్త టిఫిన్ సెంటర్ల వైపు మళ్ళడంతో ఆవిడ పిండి సాయంత్రానికి పులిసి మిగిలిపోయేది. ఇక పాక విప్పేసి కూతురి దగ్గరికి పోవడమే అనేవారు. నేనేమో ఊరు చూడవచ్చినవాళ్ళకి మార్కెట్టూ, కాలవా, కొబ్బరితోటలూ చూపించేవాణ్ణి. చూపించిందానికన్నా చెప్పిందెక్కువ.

ఓసారి అప్పనపల్లి వెళ్ళే యాత్రికుల బస్సుని బతిమాలి ఆ పాక ముందు ఆపించాను. నచ్చితే ప్రతి ట్రిప్పూ ఇక్కడే టిఫిన్ అన్నాడు బస్సు మేనేజరు. తీరా వడ్డించాక, ఒక పెద్దాయన ఆకు ఒలవకుండా బుట్టతో సహా కొరికేశాడు. వెనక కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. ఆయన ముఖం మాడిపోయింది. మేనేజరు వాచీ చూసుకున్నాడు. నా నోరు ఊరుకోలేదు.

“నవ్వకండి బాబూ! పద్ధతి ఆయనకే తెలుసు. మొదటి బుట్ట ఆకుతోనే తినాలండి. రాజులు కూడా అలాగే తినేవోరండి.”

నవ్వినవాళ్ళంతా ఆకు నమలడం మొదలెట్టారు. వెంకాయమ్మగారు చట్నీ గరిటెతో బయటికొచ్చారు. నిజం చెప్పేస్తారేమోనని హడలిపోయాను. ఆవిడ ఒక పొట్టిక్క తెచ్చి నా చేతిలో పెట్టారు.

“నువ్వు తినలేదేంట్రా రాంబాబూ?”

“ఆకలి లేదండి అత్తయ్యగారూ.”

“రాజులే తిన్నారంట, నీకేవొచ్చింది? నవులు.”

నమిలాను. వగరు, పీచు. అందరూ చూస్తున్నారు కాబట్టి నవ్వుతూ మింగాను. ఆవిడ పెద్దాయన వైపు తిరిగి, “రెండోది ఒలుచుకు తింటారండి. ఇలా ఇవ్వండి, నేను ఒలుస్తాను” అన్నారు. ఆయన ముఖంలో రంగు తిరిగొచ్చింది.

బస్సు వెళ్ళాక గిన్నెలు సర్దుతూ అన్నారు: “ఆయన పరువు కాపాడ్డానికి చెప్పేవు, బాగానే ఉంది. అంతమంది చేత ఆకు నవిలించి నువ్వు చేతులు కట్టుకు నిలబడ్డమే బాలేదురా.”

“ఆయ్,” అన్నాను.

ఇప్పటికీ యాత్రికులకి ఏ కథ అల్లినా, ముందు నేను నమిలి చూస్తాను. నా గొంతు దిగనిది వాళ్ళకి పెట్టను. ఆ బస్సు మాత్రం తర్వాత ప్రతి ట్రిప్పూ ఆగింది. పాక నిలబడింది.

ఒట్టేశాను కాబట్టి ఇదీ చెప్పాలి: చివరి రెండు ముక్కలూ నేను కల్పించినవి. బస్సు మళ్ళీ రాలేదు. వానలు పట్టకముందే వెంకాయమ్మగారు పాక విప్పించి కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ తాటాకులు లాగి కింద పడేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. కాయితం మీద మాత్రం ఆ పాక విప్పడానికి చెయ్యి రాలేదు.