వారానికి ఒక్క గుడ్డు

సైన్యంలో హవల్దారుగా పనిచేసి బయటికొచ్చాక, కరీంనగర్ ఇంకా ఉమ్మడి జిల్లాగా ఉన్న రోజుల్లో, మాజీ సైనికుల సంక్షేమ శాఖలో వెల్ఫేర్ ఆర్గనైజరుగా చేరాను. పేరు గొప్పదే. పని మాత్రం ఊళ్లు తిరిగి, ఎవరు పటాలంలో చేశారో విచారించి రిపోర్టు రాయడం. చేరిన ఏడాదే, ఎండాకాలంలో, మంథని దగ్గరి ఒక పల్లెకు పంపారు.

సైన్యంలో పనిచేసిన తమ ఊరివాళ్ల పేర్లు రాతిపలక మీద చెక్కించాలని అక్కడి పంచాయతీ తీర్మానించింది. జాబితాలో ఆరు పేర్లున్నాయి. ఐదుగురికి డిశ్చార్జి బుక్కులు దొరికాయి. పటాలం వదిలేటప్పుడు ఇచ్చే ఆ పుస్తకంలో మనిషి నంబరు, దళం, తిరిగిన చోట్లు అన్నీ ఉంటాయి. ఆరో మనిషి మల్లయ్య, చనిపోయి చాలాకాలమైంది. ఆయన పుస్తకం గోదావరి వరదలో ట్రంకుపెట్టెతో సహా పోయిందట. నంబరు తెలియకుంటే రికార్డు ఆఫీసువాళ్లు వెతకరు.

సర్పంచ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "గాయన చెప్పినయన్ని గప్పాలే సార్. రెండో ప్రపంచ యుద్ధమప్పుడు ఇంగ్లండుల ఓ పల్లెల ఉన్నడట. ఆడ దొరసానులు సంచులు పట్టుకొని లైన్ల నిలబడితె వారానికి ఒక్క గుడ్డు ఇచ్చేటోళ్లట. దొరలకు గుడ్లు దొరకకపోవుడేంది?"

నేనూ నవ్వాను. నవ్వి ఊరుకున్నా బాగుండేది. ఇంటికి వెళ్లి విచారించనిదే రిపోర్టు రాయకూడదన్నది నియమం. ఎండ మండిపోతోంది, బస్సుకు వేళైంది. మల్లయ్య పేరు ఎదుట 'ఆధారం లేదు' అని రాసేశాను. బద్ధకం తప్ప మరేమీ కాదు.

ఆ బస్సు రాలేదు. మల్లయ్య భార్య రాజవ్వ మాత్రం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఎనభై దాటిన మనిషి.

"మా ఇంటికి రాకుండనే పోతున్నవా బిడ్డా? జర చాయ తాగి పో."

వెళ్లక తప్పలేదు. చాయ మరుగుతుండగా ఆమె భర్త సంగతులు మొదలుపెట్టింది. దీపం పెట్టగానే కిటికీకి నల్ల గొంగడి కట్టించేవాడట, వెలుతురు బయటికి పోతే విమానం పసిగడుతుందని. యుద్ధం ముగిసి ఎన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

"ఐతారం ఐతారం ఇంట్ల అందరికి కలిపి ఒక్క గుడ్డే వండిచ్చేటోడు. ఆ ఇంగ్లండు పల్లెల ఓ ముసలమ్మ, కొడుకు లడాయికి పోయిండట, తన గుడ్డు ఈయనకు పెట్టిందట. తిన్నప్పుడల్ల ఆమెను యాది చేసేటోడు. ఊరోళ్లు నవ్విన్రు, నవ్వని. రాయి మీద పేరు లేకుంటె మా ఆయన అబద్ధాలోడని పక్కా అయితది బిడ్డా. గంతే నా బాధ."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అప్పుడే ఆమె చక్కెర డబ్బాలోంచి చెంచా తీసింది. మోటు చెంచా, కాడ వెడల్పు. అది గిన్నెలో మునగకముందే అందుకున్నాను. సైన్యంలో ఎవరి చెంచా మీద వాళ్ల నంబరు గుద్దుకోవాలి. పోగొట్టుకుంటే ఎవరిదో తెలియాలని. నేనూ గుద్దుకున్నవాణ్నే. కాడ వెనక అరిగిపోయిన రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఆరంకెలు కనిపించాయి. చక్కెర డబ్బాలో ఉండబట్టి అది ట్రంకుపెట్టెతో పోలేదు.

నా రిపోర్టు పొయ్యిలో పెట్టాను. "ఏం కాగితం బిడ్డా?" అంది. "తప్పు రాసింది అవ్వా" అన్నాను.

చెంచా మీది నంబరు రాసి పంపిన మూడు నెలలకు రికార్డు ఆఫీసు జవాబు వచ్చింది. సైన్యం సామాన్లు మోసే కంచరగాడిదల దళం, ఇంగ్లండులో రెండు చలికాలాలు. పంచాయతీలో నేనే చదివి వినిపించాను. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. రాజవ్వ మాత్రం ఇంకా చెవి ఒగ్గే ఉంది.

"గుడ్డు ముచ్చట రాయలేదా?"

"రాయలే అవ్వా."

"రాయకున్నా నమ్ముతం పెద్దవ్వా" అన్నాడు సర్పంచ్, తల వంచుకుని.

విచారణకు వెళ్లినవాడు ముందు ఇంట్లోకి వెళ్లాలి, రిపోర్టు చివర రాయాలి. రిటైరయ్యేదాకా ఏ ఊళ్లోనూ చాయ వద్దనలేదు.