టర్బైన్‌కి చెవి ఆనించిన నాన్న

మా చిన్నప్పుడు... ఇంట్లో టేబుల్ ఫ్యాను కాస్త మూలిగితే చాలు, నాన్న తన ఇనుప రాడ్డు తెచ్చేవాడు. మూరెడు పొడుగుండే సన్నటి రాడ్డు. ఒక కొస ఫ్యాను వెనక ఆనించి, రెండో కొస చెవి వెనకాల ఎముకకి ఆనించుకుని, కళ్లు మూసుకునేవాడు. అంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు... వంటింట్లో అమ్మ పోపు వేయడం కూడా ఆపాలి!

"బేరింగు ఎండిపోనాది. సుక్క నూనెయ్యాల," అనేవాడు కళ్లు తెరిచి.

కుట్టుమిషను, గోడగడియారం, పక్కింటివాళ్ల మోటారు... అన్నిటికీ అదే వైద్యం. అమ్మ మూతి తిప్పేది. "నా మాట ఇనడానికి తీరికుండదు గానీ, కుట్టుమిసను మాటయితే కళ్లు మూసుకుని మరీ ఇంటాడు మీ నాన్న!"

నాన్నది పోర్టు పక్కన పాత బొగ్గు పవర్‌హౌస్‌లో, టర్బైన్ దగ్గర ఉద్యోగం. ఆ రొదలో మిషను లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే అక్కడివాళ్లందరూ అలా రాడ్డు పెట్టుకునే వినేవారట. మా క్వార్టర్లు ఆ గోడ అవతలే. దండెం మీద ఆరేసిన తెల్ల పంచెలు సాయంత్రానికి దుమ్ముకొట్టుకుపోయేవి... అమ్మ తిట్టుకుంటూ మళ్లీ జాడించేది.

మమ్మల్ని లోపలికి రానిచ్చేది ఏడాదికి ఒక్కసారే, దసరాలో ఆయుధపూజ నాడు. చెప్పులు గుమ్మం బయట విడవాలి. అబ్బ... ఆ హాలు చూసి నోరు తెరిచేదాన్ని. పసుపు పూసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసిన టర్బైన్ పెళ్లికూతురిలా ఉండేది. నాన్న నన్ను దగ్గరికి తీసుకుని రాడ్డు నా చెవికి ఆనించేవాడు.

"ఇను తల్లీ... మన మిసను ఎంత సల్లగా పాడతందో!"

పొట్ట లోపలి దాకా జుమ్మనేది నాకు. కెమెరాలు మాత్రం లోపలికి తేకూడదు. అందుకే ఆ మిషను పక్కన నాన్న ఉన్న ఫొటో మాకు ఒక్కటీ లేదు.

పవర్‌హౌస్ మూతపడి చాలా ఏళ్లయింది. తర్వాత నాన్న మళ్లీ ఆ దారి తొక్కలేదు. రొదలో బతికిన చెవులు కూడా మెల్లగా మొరాయించాయి. చెవి మిషను కొనిస్తే చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. అడిగింది వినపడక, వినపడలేదని చెప్పలేక... మాట్లాడటమే మానేస్తూ వచ్చాడు. అది చూసి నాకు భయం పట్టుకుంది.

ఈమధ్య ఆ హాలుని కూల్చేస్తారని ఒకరు, బాగుచేసి జనానికి చూపిస్తారని ఇంకొకరు చెప్పారు. ఏదైతే అదైంది... ముందు నాన్నని ఆ మిషను పక్కన నిలబెట్టి ఒక్క ఫొటో తీయాలనుకున్నాను. అనుమతి కోసం కాళ్లరిగేలా తిరిగాను. తీరా అది దొరికాక నాన్నే మొండికేశాడు.

"సచ్చిపోయినదానికి ఫొటో ఏటమ్మా? నాను రాను."

"దాని కోసం కాదు, నాకోసం రా నాన్నా!" అని చెవిలో అరిచాను. ఇప్పుడు మేముండే మద్దిలపాలెం నుంచి ఆటోలో దారంతా, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని, మొహం అటు తిప్పుకునే కూర్చున్నాడు.

వాచ్‌మన్ తలుపు తీశాడు. నాన్న అలవాటు కొద్దీ చెప్పులు గుమ్మం బయటే విడిచేశాడు!

"సెప్పులేసుకో తాతా, గాజుపెంకులుంటాయి," అని వాచ్‌మన్ అరిచినా లాభం లేదు. చేసేది లేక నేనే ముందు నడుస్తూ, కాలితో పెంకులు పక్కకు నెడుతూ తీసుకెళ్లాను.

పాడుబడినా దాని దర్జా పోలేదండీ... నిలువెత్తు కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఇత్తడి అంచుల మీటర్లలో ముళ్లన్నీ సున్నా దగ్గర ఆగి ఉన్నాయి. గోడ పగుల్లో ఏదో మొక్క పచ్చగా చిగురేసింది. టర్బైన్ మీద ఆఖరి పూజనాటి పసుపు ఇంకా చారలుగా మిగిలే ఉంది. నేను ఆపకుండా ఫొటోలు తీస్తున్నాను. నాన్న మాత్రం దూరంగా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఎంత పిలిచినా తల అడ్డంగా ఊపాడు. బతిమాలి బతిమాలి విసుగొచ్చి కిటికీల వైపు తిరిగాను.

మళ్లీ వెనక్కి చూసేసరికి... నాన్న మిషను దగ్గర ఉన్నాడు. చేతికర్ర కింది రబ్బరు బుడిపె పీకేశాడు. కర్ర కొస టర్బైన్‌కి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు.

ఏం వినపడుతుందని? ఆ నిశ్శబ్దం విని ఇంకా కుంగిపోతాడేమో... ఎందుకు తీసుకొచ్చానా అనుకున్నాను.

నాన్న కనుబొమలు పైకి లేచాయి.

"తల్లీ... నడతంది! లోపల ఏదో నడతంది! ఎముక్కి తెలస్తంది!"

మతి తప్పిందేమో అని హడలిపోయాను. నాన్న కర్ర పిడి నా చెవికి ఆనించాడు. నిజమే... లోపల గుర్ర్... గుర్ర్... మంటోంది!

ఇద్దరం చుట్టూ తిరిగి చూశాం. వెనక ఊడిపోయిన రేకు సందులో ఒక పావురం, దాని పక్కన ఈకలైనా సరిగ్గా రాని పిల్లలు. మమ్మల్ని చూసి ఇంకా గట్టిగా గుర్రుమంది ఆ తల్లి.

నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "సూసావా... మేం లేకపోయినా ఎవరో ఒకరు డూటీ సేత్తన్నారు!"

నవ్వు ఆగేలోపే ఫొటో తీసేశాను. కొంచెం చెదిరింది... అయినా అదే కావాలి నాకు.

ఆ రోజు నుంచి నాన్న కర్ర ఊరుకోవడం లేదు. ఫ్రిజ్, వాషింగ్ మిషను, మిక్సీ... అన్నిటి దగ్గరా వైద్యం మొదలు. "మళ్లీ తగులుకున్నాడు!" అని అమ్మ మూతి తిప్పుతుంది... తిప్పుతూనే పోపు వేయడం ఆపుతుంది.

ఇప్పుడు ఏ వస్తువైనా మూలిగితే మార్చేస్తున్నాం, దాని గోడు వినే తీరిక ఎవరికుంది... మీ ఇంట్లో పెద్దవాళ్లు అలా చెవి ఆనించి కాపాడుకున్న వస్తువు ఏదైనా ఉందా? కింద రాయండి. అన్నీ మా నాన్నకి చదివి వినిపిస్తాను... గట్టిగా.