అద్దం నేర్పిన నడక

మా చిన్నమ్మాయి నా ఫోనులో నడకను కొలిచేదేదో పెట్టిన దగ్గర్నుంచీ, రోజూ పొద్దున్నే కాలువ గట్టు మీద నడిచి ఇంటికి రాగానే, మీ నడక మీ వయసువాళ్ళకంటే నెమ్మది అని అది నాకు చెబుతోంది. ఏడో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి కనుక ఇలాంటి ప్రోగ్రెస్ కార్డులు నాకు కొత్తేమీ కాదుగానీ, నడకలో ఫెయిలవడం మాత్రం ఇదే మొదలు.

ఎందుకంటే తొంభైల మొదట్లో ఆటోనగర్‌లో నా అంత జోరుగా నడిచేవాడు లేడు. బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో మా మేనమామ మేస్త్రి, నేను ఆయన కింద పనివాణ్ణి. మన తరంవాళ్ళకు చెప్పక్కర్లేదు, రోహిణీకార్తె ఎండలో నీడ నుంచి నీడకు ఒక నడక, కొత్త చెప్పు కరిస్తే ఒక నడక, మార్నింగ్ షోకు వెళ్ళేటప్పుడు ఒక నడక, ఇంట్లో నాన్న కాచుక్కూర్చున్నాడని తెలిసి తిరిగొచ్చేటప్పుడు ఇంకో నడక. నాకు మాత్రం అన్నింటికీ ఒకటే, పరుగులాంటి నడక. వీడికి కాలు నిలకడ లేదని మావయ్య అందరితోనూ అనేవాడు. మా అమ్మ వెళ్ళి వాళ్ళమ్మాయిని నాకిమ్మని అడిగి, చూద్దాంలే అక్కయ్యా అన్న జవాబుతో తిరిగొచ్చేదాకా ఆ మాట నాకు నవ్వులాటగానే ఉండేది. మరదలంటే నాకు ప్రాణమన్న సంగతి షెడ్డులోని వెల్డింగ్ మిషన్లకు కూడా తెలుసు మరి.

ఆ వారంలోనే మావయ్య నన్ను పిలిచి, బస్సు ముందు అద్దం మోయడానికి రమ్మన్నాడు. గుంతల రోడ్డు మీద రిక్షాలో వేస్తే పగులుతుందని, దుకాణం నుంచి షెడ్డుదాకా ఇద్దరు మనుషులు ఒకరి వెనక ఒకరు నిలువుగా పట్టుకుని తెచ్చేవారు. ఎప్పుడూ ముందుండే మావయ్య ఆ రోజు నన్ను ముందు నిలబెట్టాడు. ఎప్పుడో జాకీ జారి కాలి మీద పడిన నాటినుంచీ ఆయనది కుంటినడక. వెనక్కి తిరిగి చూద్దామంటే అద్దంతో కుదరదు. నేను జోరుగా అడుగేస్తే అద్దం వెనక్కి గుంజేది, తటపటాయిస్తే ముందుకు నెట్టేది.

టీ బడ్డీ దగ్గర మావాళ్ళు ఊరుకుంటారా?

"ఏరా, పెళ్ళి ఊరేగింపా? బ్యాండేదిరా?"

"ముందు పిల్లనివ్వమనండ్రా, బ్యాండు నేనే వాయించుకుంటా!"

వెనకనుంచి అద్దం నన్ను ముందుకు ఒక్క నెట్టు నెట్టింది.

ఇంతలో, షెడ్డులో వాళ్ళ నాన్నకు అన్నం క్యారేజీ పెట్టేసి ఎదురుగా వస్తూ మరదలు కనిపించింది. నా కాలు ఊరుకోలేదు, ఒక్క అడుగు ఉరికింది. వెంటనే అరచేతుల్లో అద్దం వెనక్కి గుంజింది, వెనక మావయ్య తూలాడని ఆ గుంజుడుతోనే తెలిసింది. అది పగిలితే పగిలేది అద్దమొక్కటే కాదు. తల దించుకుని, ఆయన కాలు ఎప్పుడు నేలకానుతోందో చేతులతో పోల్చుకుంటూ, నత్తలా నడిచాను. మరదలు పక్కనుంచే వెళ్ళిపోయింది. నవ్విందో లేదో కూడా చూడలేదు.

షెడ్డులో అద్దం దించాక మావయ్య చెమట తుడుచుకుంటూ అడిగాడు.

"ఏరా, అమ్మాయి ఎదురొచ్చింది, చూశావా?"

"ఎక్కడ మావయ్యా, నీ కాలు చూసుకోవడంతోనే సరిపోయింది."

"వెనకున్న కాలు నీకెట్లా కనబడిందిరా?"

జవాబుగా, ఎర్రగా కందిన అరచేతులు చూపించాను. ఆ సాయంత్రం ఆయన మా ఇంటికొచ్చి, వీడికి వెనక మనిషి ఉన్నాడని తెలుస్తుందక్కయ్యా, పిల్లనిస్తాను అన్నాడట.

ఇప్పుడు అద్దాలు చెక్క చట్రాల్లో లారీల మీద వస్తున్నాయి. గట్టు మీద పిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని ఎవరి జోరున వాళ్ళు పోతున్నారు, మంచిదే, ఆరోగ్యంగా ఉండాలి. కాకపోతే వెనక ఎవరున్నారో వాళ్ళకు వినబడదు కదా అనిపిస్తుంది. మా ఆవిడకు మోకాళ్ళు అరిగాయి. ఆ సన్నటి గట్టు మీద నేను ముందు, ఆమె వెనక. ఆమె చెప్పుల చప్పుడు కాస్త దూరమైతే చాలు, ఖాళీ అరచేతుల్లో ఏదో గుంజినట్టయి నా కాలు దానంతటదే తగ్గుతుంది. నడిచేది ఇద్దరమని ఎవరూ చెప్పలేదేమో, ఫోను పాపం నన్నొక్కణ్ణే కొలుస్తోంది.