పదో ఇంట శనిచంద్రులు

గోపాల మందిరం వెనక సందులో గిరిజాశంకర్ నాగర్ గదికి జాతకాల కోసం వచ్చేవాళ్ళు చెప్పులు విడిచి మెట్ల మీద కూర్చొని తమ వంతు కోసం చూసేవారు. ఉజ్జయినిలో జ్యోతిష్కులకు కొదవ లేదు. అయినా ఆయన దగ్గరికే రావడానికి కారణం, ఆయన ఉన్నదున్నట్టు చెబుతాడని. చెడు కనిపిస్తే తీపి పూసి చెప్పడు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

మేనల్లుడు లోకేంద్ర దీపావళి వెళ్ళిన రెండో రోజున, భాయీ దూజ్ నాడు పుట్టాడు. చెల్లెలు మనోరమ చేత బొట్టు పెట్టించుకుందామని గిరిజాశంకర్ కొత్త కుర్తా తొడుక్కొని వెళ్తే ఆమె పురిటి నొప్పులు పడుతోంది. మధ్యాహ్నం రెండింటికి ఏడుపు వినబడింది. ఆయన వరండాలోనే కూర్చొని చక్రం వేశాడు. కుంభ లగ్నం. పదో ఇంట, వృశ్చికంలో, శనీ చంద్రుడూ ఒకరినొకరు ఆనుకొని ఉన్నారు. చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఎలా ఉంది భయ్యా?" అని మనోరమ లోపల్నుంచి అడిగింది.

"ఆయుష్షు గట్టిది. ముందు నువ్వు పడుకో."

ఇరవై రెండేళ్ళపాటు అంతకుమించి చెప్పలేదు.

లోకేంద్రకు దేవాస్‌లో ఒక ప్రైవేటు బడిలో సైన్సు మాస్టారుగా పని దొరికింది. మనోరమ పొంగిపోయి చుట్టాలనూ తెలిసినవాళ్ళనూ పిలిచి దాల్ బాఫ్లా పెట్టింది. భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చారు. మనోరమ బావగారు పొట్ట నిమురుకుంటూ అందుకున్నాడు.

"ఏం పండిత్‌జీ, ఊరందరి గుట్టూ విప్పుతారే! మేనల్లుడి జాతకం దగ్గరికొచ్చేసరికి నోటికి తాళమా? సొంతవాళ్ళకో శాస్త్రం, పరాయివాళ్ళకో శాస్త్రమా?"

అందరూ నవ్వారు. గిరిజాశంకర్‌కు చెవులు వేడెక్కాయి. కాగితం తెప్పించి పదిమంది ముందూ చదివాడు.

"పదో ఇల్లంటే ఉద్యోగం. చంద్రుడంటే మనసు. మనసు నెత్తిన శని కూర్చున్నాడు. వీడికి పని వస్తుంది, నిలవదు. ఎక్కడ కాలు పెట్టినా దిగులు ముందే వెళ్ళి కూర్చుంటుంది. ముప్పై ఆరు నిండాకే కుదుట పడతాడు."

నవ్వులు ఆగిపోయాయి. మనోరమ చేతిలోని నేతి గిన్నె కింద పెట్టేసింది. లోకేంద్ర మాత్రం శ్రద్ధగా విని, "ముప్పై ఆరా మామాజీ?" అని అడిగాడు, రైలు వేళ అడిగినట్టు.

అదే యోగాన్ని ఇంకోలా కూడా చెప్పవచ్చునని గిరిజాశంకర్‌కు తెలుసు. శని ఆ లగ్నానికి అధిపతి. అధిపతి పదో ఇంట ఉంటే మెల్లగానైనా పట్టు విడవకుండా పైకొస్తాడని, ఎదుటివాడి బాధ తెలిసినవాడవుతాడని చెప్పేవాళ్ళున్నారు. పరాయి పిల్లలకు తనే అలా చెప్పిన రోజులున్నాయి. ఆ పూట మాత్రం బావగారి ఎకసెక్కానికి జవాబుగా గట్టిదాన్నే ఎంచుకున్నాడు.

నాలుగు నెలలకు లోకేంద్ర దేవాస్ నుంచి పెట్టెతో సహా తిరిగొచ్చాడు. హెడ్‌మాస్టారు ఎనిమిదో తరగతి తీసేసి ఆరో తరగతి ఇచ్చాడట.

"దానికే మానేస్తారట్రా?" అంది మనోరమ.

"ఇవాళ తరగతి తీశారు, రేపు నన్ను తీసేస్తారు. ఎలాగూ నిలవదు కదమ్మా."

తర్వాత ఒక కాలేజీ లైబ్రరీలో చేరాడు. అక్కడ తన బల్లకు సొరుగు ఉన్నా ఒక్క పెన్నయినా అందులో పెట్టలేదు, అన్నీ సంచీలోనే. ఏడు నెలలు. ఆ తర్వాత మందుల కంపెనీ, అక్కడ రెండు నెలలు. రత్లాంలో ఒక సంబంధం మాటల దాకా వచ్చింది. "ముప్పై ఆరు దాకా ఆగుతుందేమో అడగండి" అని తనే కబురు పంపాడు. ఆ అమ్మాయి ఆగలేదు.

గిరిజాశంకర్ చూస్తూ ఊరుకోలేదు. శనివారాలు తైలాభిషేకం చేయించాడు. సోమవారాలు తనే ఉపవాసం ఉన్నాడు. అదీ పనిచేయక చివరికి జీవితంలో చేయని పని చేశాడు. లోకేంద్రను గదికి పిలిపించి, "నా లెక్క తప్పురా. నీ చంద్రుడు ధనుస్సులోకి దాటేశాడు. శనితో లేడు" అన్నాడు.

లోకేంద్ర వెలిగిపోతాడనుకున్నాడు. వాడు లేచి అలమారలోంచి తను పుట్టిన ఏటి పంచాంగం తీశాడు. పనిలేని మధ్యాహ్నాల్లో మామయ్య గదిలోనే కూర్చొని లెక్కలు నేర్చుకున్నాడని గిరిజాశంకర్ మరిచిపోయాడు. వేలితో గీతలు వెతికి, మెల్లగా చెప్పాడు.

"చంద్రుడు పదిహేను డిగ్రీల్లో మామాజీ. వృశ్చికంలోనే. శని పక్కనే." పుస్తకం మూసి ఉన్నచోట పెట్టాడు. "నా కోసం అబద్ధం చెప్పేదాకా వచ్చారంటే, దోషం మీరు చెప్పినదానికంటే గట్టిగానే ఉండాలి."



ఏళ్ళు గడిచాయి. ముప్పై ఆరు నిండిన ఉదయం లోకేంద్ర గడ్డం గీసుకొని, ఇస్త్రీ చొక్కా వేసుకొని గిరిజాశంకర్ ఇంటికి వచ్చాడు. జుట్టు చెవుల దగ్గర నెరిసింది. మొహంలో మాత్రం పరీక్షకు వచ్చిన కుర్రాడి ఆత్రం.

"నిండాయి మామాజీ. ఇక ఎక్కడ మొదలుపెట్టమంటారు?"

గిరిజాశంకర్ ఆ చొక్కా వైపు చూడలేకపోయాడు. ఆ రోజే ఇద్దరూ తిరిగారు. ఒక బడిలో బీఎడ్ లేదన్నారు. ఇంకోచోట ఇన్నాళ్ళూ ఏం చేశావన్నారు. లోకేంద్ర ఆ ప్రశ్నకు, "ఆగాను" అని జవాబు చెప్పాడు. చివరికి తనకు పాతికేళ్ళుగా జాతకాలు చూపించుకుంటున్న హర్సోలా అనే బడి యజమాని దగ్గరికి గిరిజాశంకర్ ఒక్కడే వెళ్ళి చేతులు జోడించాడు.

హర్సోలా కంగారుగా ఆ చేతులు పట్టుకున్నాడు. "మీరు అడిగితే నేను కాదంటానా పండిత్‌జీ? కానీ ఆ బాఫ్లాల రోజు నేనూ అక్కడే ఉన్నాను. పని నిలవదని మీ నోటితోనే అన్నారు. మీ మాట ఎప్పుడైనా తప్పిందా, చెప్పండి?"

"తప్పింది. ఆ మాట తప్పు" అన్నాడు గిరిజాశంకర్.

"మేనల్లుడి మీద ప్రేమ అలా అనిపిస్తుంది" అంటూ హర్సోలా పోహా, జిలేబీ తెప్పించాడు.

ఆ చలికాలం లోకేంద్ర మంచం దిగడం తగ్గించాడు. జ్వరం లేదు, నొప్పి లేదు. ఇందోర్ డాక్టరు రాసిచ్చిన మాత్రలు మనోరమ పూటపూటకూ వేసేది. అన్నగారు వస్తే టీ ఇచ్చేది, మాట్లాడేది కాదు. ఒక్కసారి మాత్రం, "నీ బిడ్డయితే చెప్పేవాడివా భయ్యా?" అంది. జవాబు కోసం ఆగకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గిరిజాశంకర్ గది మూసేసి, రోజూ పదింటికి వచ్చి మేనల్లుడి మంచం పక్కన కూర్చునేవాడు. నారింజ వలిచి, గింజలు తీసి, తొనలు పళ్ళెంలో పెట్టేవాడు. కొన్ని తింటాడు, కొన్ని ఎండిపోతాయి.

ఒకరోజు లోకేంద్ర కళ్ళు తెరవకుండానే అడిగాడు. "ఇంకా ఎన్నాళ్ళు మామాజీ? ఏ దశలో?"

నలభై ఏళ్ళ వృత్తిలో ఎవరికీ చెప్పని మాట గిరిజాశంకర్ నోట వచ్చింది.

"నాకు తెలియదురా, నాన్నా. నిజంగా తెలియదు."

"అంత చెడ్డగా ఉందా?" అని లోకేంద్ర అటు తిరిగి పడుకున్నాడు.

గిరిజాశంకర్ వాడి వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. వంటింట్లో మనోరమ రొట్టెలు చేస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.