శుక్రవారం ఆటకు ఒక కంట్రోలర్

2024 వానకాలం. సిద్దిపేట పాత బస్టాండు దగ్గర నా షాపు. మొదట్లో ఫోన్ కవర్లు, చార్జర్లు అమ్మేవాణ్ణి. తర్వాత వీడియో గేముల పిచ్చి ముదిరి, సగం షాపును కన్సోళ్లకూ కంట్రోలర్లకూ ఇచ్చేశాను. కన్సోల్ అంటే టీవీకి తగిలించుకుని ఆడే గేమ్ పెట్టె. రెండు చేతుల్లో పట్టుకుని ఆ ఆటను నడిపించేది కంట్రోలర్. "గీ ఊర్లె గివి ఎవరు కొంటర్రా?" అని మా నాయిన అప్పట్లో తల పట్టుకున్నాడు. పదకొండేళ్లయింది. కొంటున్నారు. గజ్వేల్ నుంచి కూడా బస్సెక్కి వచ్చి కొంటున్నారు.

ఉన్నదున్నట్టు చెప్తాను, నాకొక గర్వం ఉండేది. మనిషి మెట్లెక్కుతుండగానే ఏం కావాలో చెప్పేయగలనని. చేతిలో ఫోనూ కాళ్లకు చెప్పులూ చూస్తే చాలు, ఏ పెట్టె తీయాలో తెలిసిపోయేది. చాలాసార్లు సరిపోయేది కూడా. సరిపోనప్పుడు తప్పు కొనేవాడిదని సర్దిచెప్పుకునేవాణ్ణి. ఆ గర్వాన్ని దించింది మిరుదొడ్డి భాగ్యక్క.

బుధవారం, సన్నగా ముసురు పడుతోంది. నలభై అయిదేళ్లామె గొడుగు మూసి మెట్ల మీద విదిలించి లోపలికి వచ్చింది. చేతిలో బట్టల సంచీ, పాత ఫోను. చార్జర్ కోసం వచ్చిందనుకున్నాను.

"తమ్మీ, ఎనక బటన్లుండే కంట్రోలర్ ఉన్నదా?"

నేను వెంటనే సర్దుకున్నాను. "ఉన్నయక్కా. పిల్లగాడు ఏ కన్సోల్ మీద ఆడుతడు?"

"పిల్లగాడెవడు? ఆడేది నేను."

మెట్ల మీద చేసిన అంచనా అక్కడితో అయిపోయింది. కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

భాగ్యక్క ఇంట్లో మగ్గం నేస్తుంది. గొల్లభామ చీరలు. భర్త రాజేశం మస్కట్‌లో డ్రైవరు. రెండేళ్ల కింద సెలవు మీద వచ్చినప్పుడు అతను ఒక కన్సోల్ తెచ్చాడు. అలాంటిదే ఇంకొకటి అక్కడ తన రూములో పెట్టుకున్నాడు. ఉన్న రెండు నెలలూ ఆమెకు క్రికెట్ గేమ్ నేర్పించాడు. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం, అంటే అక్కడ సెలవు రోజు, మన టైము నాలుగు గంటలకు ఇద్దరూ ఆన్‌లైన్‌లో మ్యాచ్ ఆడతారు. చెరి అయిదు ఓవర్లు. పక్కన ఫోన్ స్పీకర్ పెట్టుకుని ఒకరినొకరు వెక్కిరించుకుంటారు.

"ఫోన్ల ఏం మాట్లాడుతం తమ్మీ? తిన్నవా, తిన్న. పైసలు పంపినవా, పంపిన. రెండు నిమిషాలల్ల ఒడుస్తది. ఆట పెడితె గంటన్నర కొట్లాడుకుంటం. పెండ్లయిన కొత్తల వాకిట్ల ప్లాస్టిక్ బంతితోని గిట్లనే కొట్లాడేటోళ్లం."

"మరి ఇప్పుడు ఉన్న కంట్రోలర్‌కు ఏమైంది?"

ఆమె కుడి బొటనవేలు చూపించింది. కీలు దగ్గర ఉబ్బి ఉంది. చీర మీద బొమ్మ నేయాలంటే రంగు దారాల్ని వేళ్లతోనే పోగుల మధ్య దూర్చి నొక్కాలి. ఇరవై అయిదేళ్లుగా అదే పని. కీలు అరిగిందని దవాఖానలో చెప్పారు. కంట్రోలర్‌లో షాట్ కొట్టే బటన్లన్నీ కుడి బొటనవేలి కిందే ఉంటాయి. నొక్కాలంటే నొప్పి, నొక్కేసరికి ఆలస్యం, ఆలోపు వికెట్టు ఎగిరిపోతుంది.

"మూడు వారాల సంది ఓడుతున్న. ఆయనేమో నాకు మనసు లేదు అనుకుంటుండు. నీకు ఇష్టం లేకుంటె ఇడిచిపెడుదాం అన్నడు మొన్న." ఆమె గొడుగు పిడిని తిప్పుతూ కూర్చుంది. "నాకు ఇడిచిపెట్ట బుద్ధి కాదు తమ్మీ."

"బొటనవేలు సంగతి చెప్పలేదా?"

"చెప్పలే. చెప్ప."

ఎందుకని నేను అడగలేదు. మగ్గం ఆపమంటాడని భయమేమో అనుకున్నాను. అదీ నా అంచనాయే.

ఇక్కడ కొంచెం మా పని గురించి చెప్పాలి. కన్సోల్ చేసిన కంపెనీ కాకుండా వేరే కంపెనీ తయారుచేసే కంట్రోలర్‌ను మేము థర్డ్ పార్టీ అంటాం. ఆ మాట వినగానే చాలామంది డూప్లికేట్ అనుకుని మొహం చిట్లిస్తారు. నాసిరకం ఉన్న మాట నిజమే. కానీ ప్రీమియం థర్డ్ పార్టీలో కొన్ని కంపెనీవాటి కన్నా మేలు. వెనకవైపు అదనపు బటన్లు ఉంటాయి. ముందున్న ఏ బటన్ పనినైనా వాటికి అప్పగించవచ్చు. స్టిక్ కింద హాల్ ఎఫెక్ట్ అనే ఏర్పాటు ఉంటుంది. మామూలు స్టిక్‌లో భాగాలు ఒకదానికొకటి రాసుకుని అరిగిపోయి, కొన్నాళ్లకు మనం ముట్టుకోకపోయినా ఆటగాడు తనంతట తాను నడవడం మొదలుపెడతాడు. దాన్నే స్టిక్ డ్రిఫ్ట్ అంటాం. హాల్ ఎఫెక్ట్‌లో అయస్కాంతం ఉంటుంది, ఆ రాపిడి ఉండదు.

నా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా ఖరీదైనది తీశాను. వెనక నాలుగు ఇనుప రేకులు, పట్టుకుంటే బరువుగా, చూస్తే ముద్దొచ్చేది. షాట్ బటన్‌ను మధ్యవేలి కిందున్న రేకుకు పెట్టి, షాపులోని డెమో టీవీ ముందు కూర్చోబెట్టాను. మంచి ఆటగాళ్లంతా మధ్యవేలితోనే కొడతారు. నేనూ అంతే.

భాగ్యక్క బంతి పడకముందే బ్యాట్ ఊపింది. రెండో బంతికీ అంతే. ఆరు బంతులకు నాలుగుసార్లు అవుట్.

"అలవాటైతదక్కా," అన్నాను. నేను ఈ మాట అన్నానంటే సరుకు సరిపోలేదని అర్థం.

"అలవాటు కాదు తమ్మీ. నా చెయ్యి చూడు." కంట్రోలర్ పక్కన పెట్టి, గాలిలోనే మగ్గం తాడు పట్టుకున్నట్టు పిడికిలి బిగించింది. ఆ తాడు లాగితేనే నాడె, అంటే దారం కండె ఉండే చెక్క ముక్క, పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తుతుంది. "చూపుడువేలు, నడిమివేలు పిడిని గట్టిగ పట్టుకుంటయి. ఇడువమన్నా ఇడువయి. లాగేది గీ రెండే." ఉంగరం వేలూ చిటికెన వేలూ ఆడించి చూపించింది.

ఇన్నేళ్లలో ఒక్కరి చెయ్యి కూడా నేను అట్లా చూడలేదు. ఆమె మధ్యవేలు రేకు మీద ఊరికే ఉండలేదు, పట్టుకోవడమే దాని పని. కొట్టే పనిని దానికి అప్పగించింది నేను.

తర్వాత మూడు పెట్టెలు విప్పించింది. ఒకటి బరువన్నది. ఇంకొకదాని బటన్ మెత్తగా ఉందన్నది. "నొక్కినట్టు చేతికి తెల్వాలె గదా." చివరికి తేలింది నేను అడుగు అరలో పెట్టేసిన ఒక మధ్యరకం. దాని వెనక చిన్న బటన్లు కింది వైపు, సరిగ్గా ఉంగరం వేలు ఆనేచోట ఉన్నాయి. షాట్ వాటికి అప్పగించాను. మొదటి బంతి ఫోర్ పోయింది. భాగ్యక్క టీవీని కాదు, తన చేతిని చూసుకుంది.

"గిదే," అంది.

ఆ కంట్రోలర్‌ను కన్సోల్‌కు కలిపే చిన్న బిళ్ల, డాంగిల్ అంటారు, ఎక్కడ గుచ్చాలో చూపించాను. అందులోనూ హాల్ ఎఫెక్టే కాబట్టి స్టిక్ గురించి గట్టిగా చెప్పి పంపాను కూడా. "డ్రిఫ్ట్ అన్న మాటే ఉండదక్కా. నాది గ్యారంటీ."

సరిగ్గా తొమ్మిది రోజులకు, శుక్రవారం పగటిపూట, ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి గొడుగు కూడా విదిలించలేదు.

"తమ్మీ, నీ బ్యాట్స్‌మన్ పిలువకుంటనే నడుస్తుండు."

పెట్టి చూశాను. నిజమే. ఎడమ స్టిక్ వదిలేసినా ఆటగాడు తాపీగా వికెట్లు వదిలి పక్కకు నడిచిపోతున్నాడు, బస్సు వచ్చిందన్నట్టు. నా మొహం మాడిపోయింది. హాల్ ఎఫెక్ట్‌లో డ్రిఫ్ట్ రాదని ఊరందరికీ చెప్పుకున్న మనిషిని.

"పోయిన శుక్కురారం ప్రతి బంతికీ బోల్డ్ అయిన. ఆయన నవ్వలే గూడ. వచ్చే వారం సంది ఊకె మాట్లాడుకుందాం తియ్యి అన్నడు. ఇంకొక్కసారి ఆడుదామని నేనే అన్న. వారమంత గజ్వేల్ల చుట్టాల పెండ్లి, అటునుంచి అటే వస్తున్న."

"కంపెనీకి పంపాలక్కా. మూడు వారాలు పడుతది."

"ఆట నాలుగింటికి."

టైము ఒంటిగంటన్నర. విప్పితే వెనకున్న సీల్ చిరుగుతుంది, వారంటీ పోతుంది. ఆ మాట చెప్పాను. ఆమె సంచీ ఒళ్లో పెట్టుకుని గడియారం వైపు చూసింది. గ్యారంటీ నాదని నోరు జారింది నేనే కాబట్టి, పోతే నా వారంటీయే పోతుందనుకుని స్క్రూడ్రైవర్ తీశాను.

పై మూత లేపగానే ఎర్రగా కనిపించింది. స్టిక్ చుట్టూ ఎర్రటి ముద్ద. ఏదో కాలిపోయిందనుకున్నాను. వేలితో తీసి వాసన చూశాను. కుంకుమ. కింద పసుపు. కొంచెం నూనె కూడా.

"అక్కా, దీనికి పూజ చేసినవా?"

"చేయకుంటె ఎట్ల?" అని నన్నే తిరిగి అడిగింది. "కొత్త నాడె తెచ్చినా, కొత్త కత్తెర తెచ్చినా, మగ్గం ముంగట పెట్టి పసుపు కుంకుమ పెట్టినంకనే చేతపడుతం. చేతితోని పనిచేసే సామాను గదా."

"గా స్టిక్ మీదనే ఎందుకు పెట్టినవు?"

"నడుమ గుండ్రంగ ఉన్నది. బొట్టు పెట్టే జాగ గదే అనుకున్న."

నేను నవ్వడం మొదలుపెట్టాను. ఆపుదామన్నా ఆగలేదు. ముందు ఆమెకు కోపం వచ్చింది, తర్వాత ఆ ఎర్రటి ముద్దను తొంగి చూసి ఆమె కూడా నవ్వింది. కళ్లు తుడుచుకునేదాకా ఇద్దరం నవ్వాం. అయస్కాంతం బాగానే ఉంది. పైన పెట్టిన బొట్టు వేలికి చెరిగిపోయి, నూనెతో లోపలికి జారిన కుంకుమ గట్టిపడి స్టిక్‌ను మధ్యకు తిరిగి రానివ్వట్లేదు, అంతే. ఏ కంపెనీ కూడా దీన్ని వారంటీలో రాసి ఉండదు.

బ్రష్షూ, స్పిరిటూ, దూదీ పెట్టుకుని కూర్చున్నాను. నూనె కలిసిన కుంకుమ అంత తొందరగా వదలదు. పసుపు మరీ మొండిది. అన్నీ తుడిచి, ఆరబెట్టి, బిగించి చూసేసరికి స్టిక్ ఠక్కున మధ్యకు వచ్చి నిలబడింది. గడియారం చూస్తే నాలుగుకు పది నిమిషాలు. మిరుదొడ్డి బస్సు ఎక్కినా లాభం లేదు.

"ఈడనే ఆడక్కా," అన్నాను. డెమో కన్సోల్‌లో ఆమె ఐడీ వేసుకుంది. ఫోన్ స్పీకర్ ఆన్ చేసి కౌంటర్ మీద పెట్టింది.

"ఎక్కడున్నవే? ఏందా చప్పుడు?" ఫోన్‌లో రాజేశం.

"సిద్దిపేటల. షాపుల. నువ్వు బంతి ఎయ్యి."

మొదటి బంతిని వదిలేసింది. రెండోది ఫోర్. మూడోది ఫోర్. ఉంగరం వేలు ఎంత కదులుతుందో కూడా కనపడట్లేదు, నిజంగా తాడు లాగుతున్నట్టే ఉంది. కవర్ కొనడానికి వచ్చిన ఒకాయన కవర్ మరిచిపోయి నిలబడ్డాడు. ఫోన్‌లో మొదట "ఓర్నీ", తర్వాత "ఆగు ఆగు, ఎవరన్న ఆడుతున్నరా నీ బదులు?"

"నేనే. గుర్తు పట్టలేదా?"

అయిదు ఓవర్లకు డెబ్బై రెండు. అతని వంతు వచ్చినప్పుడు యాభై దాటనివ్వలేదు. ఓడిపోయిన మనిషి అంత సంతోషంగా నవ్వడం నేను ఎప్పుడూ వినలేదు. "దొరికినవు మళ్ల," అంటున్నాడు, "మళ్ల దొరికినవు." నాకు కళ్లు చెమ్మగిల్లాయి. స్పిరిట్ వాసనకని అనుకోండి.

అప్పుడు భాగ్యక్క తనంతట తానే అంతా చెప్పింది. బొటనవేలు, దవాఖాన, వెనక బటన్లు, కుంకుమ, అన్నీ. రాజేశం మగ్గం ఆపమంటాడేమోనని నేను చూస్తున్నాను.

"నాకు ముందుగాల చెప్తె ఏమయ్యేది? బౌలింగ్ జర మెల్లగ ఏస్తుంటి గదా," అన్నాడు.

"అందుకే చెప్పలే," అంది భాగ్యక్క.

ఆమె పర్సులోంచి బొట్టుబిళ్ల ఒకటి తీసి, "దీనికి పెట్టొచ్చునా?" అని నన్ను అడిగింది. బటన్లకు దూరంగా, కంట్రోలర్ వెనక చిరిగిన సీల్ మీద చోటు చూపించాను. అక్కడ అతికించుకుని బస్సుకు వెళ్లిపోయింది.

అప్పటి నుంచి నా కౌంటర్ మీద నాలుగైదు కంట్రోలర్లు, ఎవరైనా పట్టి చూసుకోవడానికి, పెట్టెల్లోంచి తీసి ఉంటాయి. పెట్టె సీల్ పోతే పోయింది. పూజ సంగతి కూడా ముందే చెప్తాను, కంట్రోలర్‌కు కాదు, అట్టపెట్టెకు చేసుకోమని. ఎవరైనా మెట్లెక్కుతుంటే ఇప్పటికీ నాలో నేను ఒక అంచనా వేసుకుంటాను, అలవాటు పోదు. కానీ పెట్టె తీయను. "ఏం పని చేస్తరు? చెయ్యి ఒకసారి చూపియ్యున్రి," అంటాను. జాతకం చెప్తానేమోనని కొందరు నవ్వుతారు. మెల్లగా వేసే బంతి వద్దనుకునే మనిషికి ఏ పెట్టె తీయాలో ఆ మనిషి చెయ్యే చెప్తుందని వాళ్లకు తెలియదు.